రూతు కుట్టిన పుస్తకాలు

వంటింటి అరల్లో కాగితాలు మార్చడం ఆ ఇంట్లో శనివారం పని. ఆదివారం గుడి నుంచి ఎవరైనా వెంట వస్తే అరలు శుభ్రంగా కనపడాలని ఎలిజబెత్తమ్మ గారి పట్టుదల. వచ్చినవాళ్ళు కాఫీ తాగి పోతారు గానీ అరలెందుకు చూస్తారని కోడలు మాణిక్యానికి అనిపించేది. కొత్త కోడలు అడగదగిన ప్రశ్న కాదది. ఆ శనివారం అత్తగారు అటక మీది కట్ట చూపించి, "వాటిల్లోంచి చింపుకోమ్మా. పనికిమాలిన కాగితాలే" అంది.

చింపబోతే చిరగలేదు. దబ్బనంతో, పురికొసతో గట్టిగా కుట్టిన పుస్తకాలవి. వారపత్రికలో ఏళ్ళ తరబడి వచ్చిన ఓ మాయల కథని వారం వారం కత్తిరించి, వరుసగా పేర్చి, పాత క్యాలెండర్ అట్టలేసి కుట్టారెవరో. ఎవరో ఏమిటి, రూతు. సంజీవరావు మొదటి భార్య. ఆవిడ పోయిన ఏడాదికి సంజీవరావు ఉయ్యూరు వచ్చి మాణిక్యాన్ని చేసుకున్నాడు. రైల్వే గూడ్సాఫీసులో గుమాస్తా, బెజవాడలో క్వార్టరు, ఇంకేం కావాలి? మొదటావిడ ఎలా పోయిందని మాణిక్యం తండ్రి అడగనే అడిగాడు. "కడుపుతో ఉండగా జబ్బు చేసిందండీ, దేవుడి చిత్తం" అన్నారు. దేవుడి పేరెత్తాక ఆయన మాత్రం ఇంకేం అడుగుతాడు, పాపం.

మాణిక్యం అరలకి పాత వార్తాపత్రిక వేసి, పుస్తకాలు బియ్యం డబ్బా వెనక దాచుకుంది. పాలు కాగేలోపు ఒక పేజీ, కుక్కర్ కూత వేసేలోపు రెండు పేజీలు, మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తే కాస్త ఎక్కువ. కథలో ఒక రాణి ఉంది. ఒక మాంత్రికుడు ఆవిడ నీడని దొంగిలించి ఎక్కడో దీవిలో దాచేశాడు. నీడ లేని మనిషిని ఎవరూ గుర్తుపట్టరు, కన్నబిడ్డ కూడా. ఆ నీడ కోసం రాణి దీవి తర్వాత దీవి తిరుగుతుంది. పేజీ పేజీకీ మూలన పసుపు బొటనవేలి ముద్ర. అంటే రూతు కూడా ఇలాగే, కూరలో పసుపు వేసి చెయ్యి తుడుచుకోకుండానే పేజీ తిప్పిందన్న మాట. ఆ ముద్ర మీద మాణిక్యం తన వేలు పెడితే సరిగ్గా సరిపోయింది.

అప్పటినుంచి ఆ వంటింట్లో తను ఒక్కతే ఉన్నట్టు లేదు. భుజం వెనక ఎవరో కూర్చుని చదువుతున్నట్టుండేది. మాణిక్యం గబగబా చదువుతుంది. అయినా చదవడం అయిపోయాక కాసేపాగి, వెనకాల ఆవిడ కూడా పూర్తిచేసిందనిపించాకే పేజీ తిప్పేది. పిచ్చి అనుకుంటారని ఎవరికీ చెప్పలేదు. భయం వేసేది. భయపడుతూనే మర్నాడు మళ్ళీ తెరిచేది.

మొదటి పుస్తకం పట్టినప్పుడు మాణిక్యానికి నెల తప్పింది. ఆఖరి పుస్తకానికి వచ్చేసరికి ఏడో నెల. "నువ్వూ జాగ్రత్తమ్మా" అనేది పక్క క్వార్టరు రామతులసి. ఆ 'నువ్వూ' అన్న మాట మాణిక్యం గుండెలో ముల్లులా దిగేది. తనకీ అలాగే అవుతుందా? ఏమైందో తెలిస్తే కదా, జాగ్రత్త పడటానికి. మొగుణ్ణి అడిగితే "పోయినవాళ్ళ సంగతి ఎందుకిప్పుడు" అని చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయేవాడు.

ఆఖరి పుస్తకంలో కుట్టు వంకరపోయింది. అంత నేర్పుగా కుట్టిన మనిషి, అక్షరాల మీదుగానే దబ్బనం దింపేసింది. ఒకచోట పేజీ తలకిందులుగా ఉంది. ఆ తర్వాత పసుపు ముద్రలే లేవు. ఓ మధ్యాహ్నం మాణిక్యం ఆ పుస్తకం పట్టుకుని రెండు క్వార్టర్ల మధ్య గోడ దగ్గరికెళ్ళి రామతులసిని అడిగింది.

"పత్రిక మాదేగా. మేం చదివాక రూతుకి ఇచ్చేదాన్ని" అంది రామతులసి. "ఆఖర్లో కళ్ళు ఆనట్లేదంది. ఈ గోడ దగ్గరే నిలబడి నాచేత చదివించుకుంది. అదీ కొన్నాళ్ళే. తర్వాత గోడ దగ్గరికి రానివ్వలేదు. మిగతావి నేనే కత్తిరించి ఉంచాను. కథ పూర్తయ్యేసరికి మనిషి లేదు. మీ అత్తగారికిస్తే అటక మీద పడేశారు."

కట్ట అడుగున కుట్టకుండా విడిగా ఉన్న ఆ కాగితాలన్నీ మాణిక్యం ఆ రోజే చదివేసింది. రాణికి నీడ దొరికింది. కోటకి తిరిగొచ్చింది. రాజుగారు పెద్దమనసుతో క్షమించారు, ఎందుకు క్షమించారో రాసినాయనకే తెలియాలి. సంతోషంతో ఊరంతటికీ విందు చేశారు. ఆ విందులో రాణి స్వయంగా వడ్డించింది. శుభం. ఇన్ని దీవులు తిరిగింది వడ్డించడానికా అని మాణిక్యానికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. భుజం వెనక ఆవిడ నవ్వలేదు. కాగితాలు సర్దేశాక కూడా అక్కడినుంచి కదల్లేదు.

మర్నాడు తలనొప్పి మొదలైంది. ఆ పై రోజు గడియారం ముల్లు ఒకటి రెండుగా కనపడింది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూటం, ముప్ఫైమందికి పులిహోర. చింతపండు పిసుకుతూ మాణిక్యం గోడకి ఆనుకుంది.

"ఏమండీ, కళ్ళు మసగ్గా ఉన్నాయి. తల పగిలిపోతోంది. ఆసుపత్రికి వెళ్దామండీ."

సంజీవరావు బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి పుస్తకాలు బయటికి లాగాడు. ఎప్పటినుంచి తెలుసో. "మసక రాక ఏం చేస్తుంది? రోజంతా ఈ చెత్త చదువుతుంటే. దానికీ ఇంతే" అన్నాడు.

"ఏమిటి ఇంతే?" అంది మాణిక్యం.

ఎలిజబెత్తమ్మ అందుకుంది. "తలనొప్పి, కళ్ళ మసకలు. మంత్రాలు, దయ్యాలు చదివితే అవే వస్తాయి. ఎంత చెప్పినా వినకపోతే పుస్తకాలు పెట్టెలో పెట్టి తాళం వేశాం. చదువు మానితే అదే తగ్గుతుందని. ఎక్కడ? ఫిట్స్ వచ్చి పోయింది."

"పాదాలు?"

"వాచాయి. కడుపుతో ఉంటే వాచవా ఏంటి? నువ్వు ముందు పులిహోర కానివ్వు. పాస్టరు గారు వస్తారుగా, నీ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. రేపటికి తగ్గకపోతే చూద్దాం."

ఆవిడ గొంతులో కోపం లేదు. అదే మాణిక్యాన్ని వణికించింది. వీళ్ళు చెడ్డవాళ్ళు కారు. రూతు మీద ప్రేమతోనే తాళం వేసి ఉంటారు, పక్కన కూర్చుని ప్రార్థనా చేసి ఉంటారు. ఇవాళ ఈ పులిహోర కలిపి, వచ్చినవాళ్ళకి వడ్డించి, కప్పులు కడిగి పడుకుంటే, రేపు తన కోసం కూడా అంతే ప్రేమగా ఏడుస్తారు.

చేతులు కడుక్కుంది. చెప్పులు పట్టలేదు, ఉత్త కాళ్ళతోనే గడప దాటింది. "ఎక్కడికి? ఆ అన్నం ఎవరు కలుపుతారు?" అని అత్తగారు వెనకనుంచి అడుగుతూనే ఉంది. పక్క క్వార్టర్లో రామతులసి సంగతి వింటూనే తన తలుపుకి గొళ్ళెం పెట్టి రిక్షా పిలిచింది. దారంతా మాణిక్యం ఒక చేత్తో కడుపు, ఒక చేత్తో రామతులసి మోచెయ్యి పట్టుకుంది. బందరు రోడ్డు మీద ఎండ ముక్కలు ముక్కలుగా మెరుస్తోంది. సీటు మీద తనకటు పక్క రూతుకి కాస్త చోటు వదిలి కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చేతికి పట్టీ కట్టి, గాలి కొట్టి, రక్తపోటు చూపే పాదరసం వంక చూసి నర్సుని గట్టిగా పిలిచింది. మంచం సిద్ధం చెయ్యమంది. పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"ఇంకాస్త ఆగి ఉంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవాళ్ళు కాదు" అంది డాక్టరమ్మ సూది మందు ఎక్కిస్తూ. "మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా వచ్చిందా?"

"వచ్చిందండీ, మా అక్కకి" అంది మాణిక్యం. "ఆవిడ చేత పుస్తకాలు మాన్పించారు."