ఎండలో మాత్రమే నీలం

నేను ఒక నల్ల కారును. నలుపంటే మీలో చాలామందికి గిట్టదని నాకు తెలుసు. శుభకార్యానికి నల్లబట్ట కట్టనివ్వరు, నల్లపిల్లి ఎదురైతే ఇంట్లోకి వెళ్లి కాసిని మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరతారు. అదే నలుపు నాలుగు చక్రాల మీద నిగనిగలాడుతూ వస్తే మాత్రం పక్కకు తప్పుకొని మరీ దారిస్తారు. మీ పట్టింపులకు కూడా ఖరీదును బట్టి మినహాయింపులు ఉంటాయని రోడ్డెక్కిన కొత్తలోనే గ్రహించాను.

చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో రేకులను అతికించి, తొట్టెలో ముంచి, రంగు చల్లి నన్ను బయటికి తోశారు. ఏ రంగు కావాలని నన్ను ఎవరూ అడగలేదు. గుంటూరులో ఒక వకీలుగారు తన కోటుకు జోడీగా ఉంటుందని నన్ను కొన్నారు. కోర్టు ఆవరణలో తోటి వకీళ్లు చూస్తుండగా దిగడమే ఆయన సరదా. ఆ సరదా తీరిపోగానే అమ్మేశారు. అలా తెనాలి చేరి పాండురంగయ్యగారి చేతిలో పడ్డాను. నా బతుకులో చెప్పుకోదగ్గదేదైనా ఉంటే అది అక్కణ్నుంచే.

పాండురంగయ్యగారిది బజారులో మాచింగ్ సెంటరు. చీర పట్టుకెళితే దానికి సరిపడే జాకెట్టు ముక్క, లంగా గుడ్డ, ఫాల్ ఇచ్చే కొట్టు. అందరూ ఎరుపు అనే దాన్ని ఆయన కుంకుమ, దానిమ్మ, ఇటుక, మిరపపండు అని విడదీసి పిలిచేవారు. గల్లాపెట్టె దగ్గర ఆయన భార్య కన్యకమ్మగారు కూర్చునేవారు. కొట్టు ముందు ఎండలో నిలబడి నేను రోజూ ఒక తతంగం చూసేవాణ్ణి. ఎవరైనా చీర తేగానే పాండురంగయ్యగారు చీరనూ ముక్కనూ చేత పట్టుకొని మెట్లు దిగి వీధిలోకి వచ్చేసేవారు. వెనకాలే చీరగలావిడ కంగారుగా దిగేది.

“రేకు కింద రంగు అబద్ధమాడుద్దమ్మా. ఎండలోకొస్తేనే నిజం చెబుద్ది,” అనేవారు. రెండు గుడ్డలనూ పక్కపక్కన పెట్టి, తల ఒక పక్కకు వంచి చూసి, “బాగా కుదిరింది,” అన్నారంటే ఇక ఆ మాటకు తిరుగులేదు. పెళ్లివారి బేరాలన్నీ ఆ ఒక్క మాట మీదే నడిచేవి.

అలాంటి మనిషి చేతిలో నాకు గీతలు పడడం మొదలైంది. మొదట ఇంటి గేటు స్తంభం నా ఎడమ పక్కను గీరింది. తరువాత ఆగి ఉన్న రిక్షా, ఆ తరువాత కరెంటు స్తంభం. ప్రతిసారీ ఎడమ పక్కే. గేటు ఇరుగ్గా కట్టారని మేస్త్రిని తిట్టారు, రిక్షావాడికి బుద్ధి లేదన్నారు. కరెంటు స్తంభాన్ని ఏమనాలో తోచక కాసేపు దానికేసి కోపంగా చూసి ఊరుకున్నారు. నాకు నవ్వొచ్చింది. కారణం తెలిశాక ఆ నవ్వు మళ్లీ రాలేదు.

సరుకుకని చెప్పి ఒంటరిగా గుంటూరు వెళ్లి, కంటాసుపత్రి ముందు నన్ను ఆపి లోపలికి వెళ్లారు. తిరిగొచ్చాక చాలాసేపు తాళం తిప్పలేదు. “నరం ఎండిపోతోందట,” అన్నారు స్టీరింగుతో. “పోయింది మళ్లీ రాదట. ఉన్నది నిలబెట్టుకోడానికి ఈ చుక్కలట. బండి తోలొద్దన్నాడు. వాడిదేం పోయింది, చెబుతాడు.” తల వెనక్కి వాల్చి రెండు కళ్లలో మందు వేసుకొని, సీసాను నా డాష్‌బోర్డు అరలో తుడుపుగుడ్డ కింద దాచారు. రంగులు చూసి బతికే మనిషి కదా, కళ్లు పోతున్నాయంటే రేపు కొట్టు మెట్లు ఎవరెక్కుతారు? ఆ భయం ఇంట్లో కూడా చెప్పుకోలేనంత పెద్దదైంది.

ఈలోగా కొట్టుకు వాపసులు రావడం మొదలైంది. వంగపండు రంగు అడిగితే గోధుమరంగు ఇచ్చారని ఒకావిడ మెట్ల మీదే గొడవ పెట్టుకుంది. మిల్లువాళ్లు అద్దకం చెడగొట్టారన్నారు పాండురంగయ్యగారు. కన్యకమ్మగారు ముక్క మార్చి ఇచ్చి, భర్త వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నారు.

అప్పుడే ఆయనకు శ్రీశైలం ఆలోచన వచ్చింది. భార్యనూ వదినగారినీ కూర్చోబెట్టుకొని తానే బండి తోలుకుంటూ ఘాటు రోడ్డెక్కాలట. వెళ్లేలోపు నాకు కొత్త రంగు వేయించాలట. నా ఒంటి మీద గీతలు పోతే తన కళ్లకేమీ కానట్టే అనుకున్నారేమో! ఘాటు రోడ్డు మలుపులు ఎలాంటివో వకీలుగారి కాలంలోనే చూశాను. ఎడమ పక్కన లోయ ఉంటుంది. ఆ మాట వినగానే నా ఇంజను చల్లబడిపోయింది.

ఊరి చివర కరీముల్లా షెడ్డుకు ముగ్గురం వెళ్లాం. కరీముల్లా నా చుట్టూ తిరిగి, “మెరుపు లేని నలుపు కొడదామా శెట్టిగారూ? కుర్రాళ్లంతా అదే అడుగుతున్నారు,” అన్నాడు.

“బొగ్గు పూసినట్టుంటది, నాకొద్దు,” అన్నారు పాండురంగయ్యగారు. “నీడలో నలుపు, ఎండలో నీలం. నేరేడుపండు తోలులా ఉండాలయ్యా. ఈవిడకి నేను మొట్టమొదట కొన్న చీర ఆ రంగే. కొత్తకోడలికి నల్లచీర కొంటావా అని మా అమ్మ యాగీ చేసింది. అమ్మనీ చీరనీ వీధిలోకి లాక్కొచ్చి నీలం చూపించా. ఇంక మాట్టాడితే ఒట్టు!”

కన్యకమ్మగారు నవ్వారు. ఆ నవ్వులో పాత చీర మడతలు విప్పినంత మురిపెం ఉంది.

కరీముల్లా మూడు రేకు ముక్కల మీద మూడు రంగులు కొట్టి ఆరబెట్టాడు. ఒకటి ఉత్త నలుపు. ఒకటి నీలం పొడి కలిపిన నలుపు. మూడోది ఎండలో కాఫీ రంగు తేలే నలుపు. అవి ఆరేలోగా కన్యకమ్మగారు షెడ్డులో వదలకూడని సామాను తీసేద్దామని నా డాష్‌బోర్డు తెరిచారు. విభూతి పొట్లం, నల్లకళ్లద్దాలు తీశారు. తుడుపుగుడ్డ ఎత్తగానే సీసా కనిపించింది. దాని మీది చీటీని పెదవులు కదుపుతూ చదివి, అక్కడే పెట్టి, గుడ్డ మళ్లీ యథాప్రకారం కప్పారు.

“ట్యూబులైటు కింద నేను చూడను,” అంటూ పాండురంగయ్యగారు ముక్కలు మూడూ తీసుకొని అలవాటుగా ఎండలోకి నడిచారు. పక్కపక్కన పెట్టారు. తల ఒక పక్కకు వంచారు. ఒకటి పైకెత్తారు.

“ఇదీ! చూశావా కన్యకా, అచ్చం నేరేడుపండు తోలు.”

ఆయన చేతిలో ఉన్నది కాఫీ రంగు ముక్క. మిట్టమధ్యాహ్నపు ఎండలో అది గోధుమరంగుగా వెలిగిపోతోంది. కరీముల్లా నోరు తెరిచి, కన్యకమ్మగారి ముఖం చూసి మూసుకున్నాడు.

“అవునండీ,” అన్నారావిడ. “బాగా కుదిరింది.”

ఆ మాట ఆవిడ నోట వినడం నాకదే మొదటిసారి. ఆయన పొంగిపోయారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అద్దం తుడిచే నీళ్లు తప్ప నాకు వేరే కన్నీళ్లు లేవు కనుక ఊరుకున్నాను.

మర్నాడు ఆవిడ ఒక్కరే వచ్చారు. “ఆయన అడిగింది నీలం. నీలమే కొట్టు. చేత్తో పట్టుకున్న ముక్క ఏదో నువ్వూ చూళ్లేదు, నేనూ చూళ్లేదు.”

“అట్నేనమ్మా. కానీ శెట్టిగారు ఘాటెక్కుతానంటున్నారు...”

“అది నేను చూసుకుంటా.”

పని నడిచినన్నాళ్లూ పాండురంగయ్యగారు పని చూసే నెపంతో ఆటోలో వచ్చేవారు. అద్దాలకు పాత పేపర్లు అంటించిన నా లోపల చీకట్లో కూర్చొని మందు వేసుకొని వెళ్లేవారు. కరీముల్లా ఆ సమయానికి కావాలనే టీకి పోయేవాడు.

నన్ను అప్పగించే రోజు వచ్చింది. కరీముల్లా టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పక్కకు తప్పుకున్నాడు. కొత్త బండైనా, కొత్త రంగైనా, యజమాని తన చేత్తో నడిపి వాటిని తొక్కించాలి. పాండురంగయ్యగారు తాళం తీసుకొని కుడి తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ సీట్లో కన్యకమ్మగారు కూర్చొని ఉన్నారు.

“ఇదేంటే, దిగు! నీకు బండి తోలడం వచ్చా?”

“రాదు.”

“మరి?”

ఆవిడ చేతిసంచిలోంచి ఒక కొత్త సీసా తీసి ఆయన అరచేతిలో పెట్టారు. “డాష్‌బోర్డులోది అయిపోవచ్చిందండీ. ఇంకోటి తెచ్చాను.”

ఆయన సీసాను వేళ్లతో తడిమారు. ముఖం ఎర్రబడింది, తరువాత పాలిపోయింది. అరుస్తారనుకున్నాను. అరవలేదు. “ఎప్పుడు తెలిసింది?” అన్నారు చాలా చిన్నగా.

“ఇంక బండి తోలొద్దండీ,” అన్నారావిడ. అడిగినదానికి అది జవాబు కాదు. కానీ ఆయన మళ్లీ అడగలేదు.

తాళం ఆవిడ ఒళ్లో వేశారు. నా ఒంటిని చేత్తో రాసుకుంటూ వెనక్కి నడిచారు. తడి ఆరిన కొత్త రంగు మీద ఆ అరచెయ్యి ఎంత మెల్లగా కదిలిందో చెప్పలేను. కరీముల్లాతో కలిసి నన్ను వెనకనుంచి తోశారు. ఇంజను లేకుండానే నేను కదిలాను. నిమ్మకాయలు చితికి పులుపు వాసన లేచింది. స్టీరింగు గట్టిగా పట్టుకున్న కన్యకమ్మగారి కన్నీళ్లు నా హారన్ మీద పడ్డాయి.

శ్రీశైలం వాళ్లు బస్సులో వెళ్లొచ్చారు. నన్ను ఒక కిరాయి డ్రైవరు తీసుకొచ్చి కొట్టు వెనక రేకుల షెడ్డులో పెట్టాడు. బేరగాళ్లు వచ్చారు గానీ కన్యకమ్మగారు అమ్మలేదు. ఇప్పుడు చీరలూ ముక్కలూ పట్టుకొని వీధిలోకి దిగేది ఆవిడే. నా టైర్లలో గాలి పోయింది, బ్యాటరీ చచ్చిపోయింది, సీటు కింద ఎలుకలు కాపురం పెట్టాయి. ఇంత ఖర్చుపెట్టి వేసిన నీలం ఎండ మొహం చూసి చాలాకాలమైంది. నేనిప్పుడు ఉత్త నలుపు. నా యజమాని చూపూ అంతే.

ఆయన రోజూ పొద్దున్నే భార్య చెయ్యి పట్టుకొని వస్తారు. నా బానెట్ మీది దుమ్ము పైపంచెతో తుడిచి, అరచెయ్యి ఆనించి అడుగుతారు.

“నీలం కనపడతందా?”

“కనపడతందండీ. నేరేడుపండులా ఉంది.”

రేకు కింద రంగు ఏం చేస్తుందో ఊరందరికీ చెప్పిన మనిషి ఆయన. తలకు వాసం తగలకుండా వంగి వచ్చిన ఈ కప్పు రేకులదేనని ఆయనకు తెలుసు. అయినా తల ఒక పక్కకు వంచి, కాసేపు నా వైపే చూస్తున్నట్టు నిలబడి, ఆవిడ చెయ్యి నొక్కుతారు.

“బాగా కుదిరింది,” అంటారు.