సైకిల్ ఉన్నవాళ్ళకే ప్యాంటు

అనూరాధను ఆ బడిలో తీసుకున్నది జీవశాస్త్రం చెప్పడానికి. కొన్నాళ్ళు తిరిగేసరికి ఆమె పొద్దున్నే గేటు దగ్గర నిలబడి పిల్లల ప్యాంటు అంచులూ, చున్నీ పిన్నులూ, జడల రిబ్బన్లూ చూసే మనిషైపోయింది. ఆ పని ఆమె అడిగి తెచ్చుకోలేదు. అంతకుముందు చూసిన టీచరు మానేసి వెళ్ళిపోయాక కరస్పాండెంట్ జగన్నాధం గారు స్టాఫ్ రూములోకి వచ్చి చుట్టూ చూశారు. అందరూ తలలు దించుకుని పేపర్లు దిద్దుతున్నారు. టీ గ్లాసుతో తలెత్తింది అనూరాధ ఒక్కతే. అంతే, పని ఆమె నెత్తిన పడింది.

భోగాపురం దాటాక హైవే పక్కన ఉంటుంది ఆ బడి. ఇటు వరి పొలాల ఊళ్ళ పిల్లలూ, అటు సముద్రం ఒడ్డు ఊళ్ళ పిల్లలూ వస్తారు. యూనిఫాం రోజుల్లో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా బుధవారంతోనే. బుధవారం సివిల్ డ్రెస్. ఎవరికి నచ్చినవి వాళ్ళు వేసుకుని రావచ్చు. పిల్లలు సంతోషిస్తారని ఆ మాట చెప్పింది జగన్నాధం గారే. పిల్లలు సంతోషించారు కూడా. ఆ మరుసటి వారం నుంచి ఆయనకు బుధవారానికో రకం బట్ట నచ్చకుండా పోవడం మొదలైంది. మొదట చిరుగుల జీన్స్ వద్దన్నారు. తర్వాత చిరుగుల్లేని జీన్సూ వద్దన్నారు. ఆపైన లెగ్గింగ్స్. ఆపైన మగపిల్లలు వేసుకొచ్చే, లోపల ఇద్దరు పట్టేంత వదులు టీ షర్టులు. పుర్రె బొమ్మ ఉన్నవి కూడదంటే పిల్లలు పులి బొమ్మవి వేసుకొచ్చారు. పులి ఫరవాలేదా అని అనూరాధ మేడెక్కి వెళ్ళి అడిగింది. నోరు తెరవని పులైతే ఫరవాలేదన్నారాయన.

ఆ సాయంత్రం భర్త ఉమాశంకర్ ఇవాళ ఏం పాఠం చెప్పావని అడిగితే, ఏమీ చెప్పలేదు, పులుల నోళ్ళు చూశాను అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చివరికి ఆడపిల్లలకు బుధవారం కూడా చూడీదారూ, చున్నీ తప్పనిసరి అయ్యాయి. రెండు భుజాల మీదా పిన్ను పెట్టిన చున్నీ. అలాంటప్పుడు దాన్ని సివిల్ డ్రెస్ అనడం ఎందుకని పదో తరగతి పిల్లలు అడిగారు. టీచర్లకూ చీర తప్పనిసరే. రోజూ స్కూటీ మీద, కొంగు బొడ్లో దోపుకుని, కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య బిగించి, కొత్తగా కడుతున్న ఎయిర్‌పోర్టుకి మట్టి తోలే టిప్పర్ల పక్కనుంచి వస్తుంది ఆమె. బడికి చేరేసరికి చీర మీద దుమ్ము, నోట్లో దుమ్ము. ఆ అవతారంతో పిల్లల బట్టలకు వంకలు పెట్టడం ఆమెకే ఎబ్బెట్టుగా ఉండేది.

పదో తరగతిలో సుహాసిని అనే పిల్ల ఉంది. సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి ఎల్లాజీ వేటకు వెళ్తాడు, తల్లి అమ్మడు చేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరుగుతుంది. సుహాసిని సైకిల్ మీద వచ్చేది. ఒక సోమవారం ఆ పిల్ల మోచేతులు గీరుకుపోయి, గడ్డం మీద రక్తంతో గేట్లోకి వచ్చింది. చున్నీ సగానికి చిరిగి నల్లటి గ్రీజు పట్టి ఉంది. అనూరాధ కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి కడుగుతూ అడిగితే, చున్నీ వెనక చక్రంలో చుట్టుకుని రోడ్డు మీద పడ్డాననీ, వెనక వస్తున్న టిప్పరు కీచుమంటూ ఆగిందనీ చెప్పింది. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఇంట్లో చెప్పొద్దని బతిమాలింది. చెబితే సైకిల్ తీసేసుకుంటారట. చెప్పనని అనూరాధ మాటిచ్చింది.

బుధవారం సుహాసిని అన్నయ్య నల్ల ప్యాంటూ, చేతులు మడిచిన ఫుల్ షర్టూ వేసుకుని వచ్చింది. నడుము దగ్గర ప్యాంటు వదులైతే బెల్టు బిగించింది. చున్నీ లేదు. అనూరాధ చూసింది. చూసి, పక్కనున్న కుర్రాడి జుట్టు గురించి ఏదో అడుగుతూ ముఖం తిప్పుకుంది. పిల్ల గేటు దాటేసింది గానీ, మేడ మీద వరండాలో జగన్నాధం గారు నిలబడి ఉన్నారు.

గేటు దగ్గర మిమ్మల్ని పెట్టింది ఎందుకని ఆయన అనూరాధను పిలిచి అడిగారు. ఇవాళ ఒకర్ని వదిలేస్తే రేపు అందరూ ఇలాగే వస్తారన్నారు. పిల్లని ఇంటికి పంపించి తల్లిని తీసుకురమ్మన్నారు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, పాఠం పోతుంది అని అనూరాధ అన్నది ఆయన చెవికెక్కలేదు.

మధ్యాహ్నానికి కూతురిని వెంటబెట్టుకుని అమ్మడు వచ్చింది. ఖాళీ గంప గేటు దగ్గర పెట్టి, కొంగు సర్దుకుని పైకి వచ్చింది. ఇక కరస్పాండెంటుకీ ఆమెకీ గొడవ తప్పదనుకుంది అనూరాధ. తీరా చూస్తే అమ్మడు ఆయన పక్షమే మాట్లాడింది.

"నానూ అదే సెప్పినాను బాబూ. ఆడగుంటకి ప్యాంటేటి అన్నాను. ఇంటేనా? మా ఈదిలో అందరూ నవ్వుతన్నారు," అంది.

జగన్నాధం గారు కుర్చీలో వెనక్కి వాలి, చూశారా అన్నట్టు అనూరాధ వైపు చూశారు. ఆ చూపు చూసేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. రోడ్డు సంగతి తెలియని కరస్పాండెంటూ, కూతురు పడ్డ సంగతి తెలియని తల్లీ కలిసి ఒక మాట మీదికి వచ్చేశారు. సంగతి తెలిసిన ఇద్దరూ మూల నిలబడి ఉన్నారు. పిల్లకిచ్చిన మాట గుర్తుంది ఆమెకు. అయినా ఇక ఆగలేకపోయింది.

"అమ్మడూ, మొన్న సోమవారం మీ అమ్మాయి వెనకాల టిప్పరు ఆగిన సంగతి నీకు చెప్పిందా?" అని అడిగింది.

అమ్మడు కూతురి వైపు తిరిగింది. "టిప్పరేటే?"

సుహాసిని తల దించుకుని, "ఆగింది కదమ్మా," అంది.

చున్నీ చక్రంలో ఎలా చుట్టుకుందో, గడ్డం మీద దెబ్బ ఎలా తగిలిందో అనూరాధే చెప్పింది. మెట్ల మీద జారిందని సెప్పినావు కదే అని అమ్మడు గొణిగింది. కూతురి వీపు మీద చరిచింది. ఆ చెయ్యి మళ్ళీ తియ్యలేదు, అక్కడే ఉంచేసింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని జగన్నాధం గారి వైపు చూసింది.

"ప్యాంటే ఏసుకుంటాది బాబూ. ఎవులేటంటారో నాను సూస్తాను."

ఆయన పేపర్‌వెయిట్ అటూ ఇటూ జరిపారు. నిజానికి చెడ్డమనిషి కాదాయన. చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం మాత్రం చేతకాదు. చాలాసేపు ఆలోచించి, సైకిల్ మీద వచ్చే ఆడపిల్లలు మాత్రం ప్యాంటు వేసుకోవచ్చునన్నారు. ఆ సాయంత్రమే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టించారు కూడా. ఎవరు సైకిల్ మీద వస్తున్నారో, ఎవరు రావడం లేదో చూసుకునే బాధ్యత అనూరాధ మేడమ్‌దని చివర్లో చేర్చారు.

మరుసటి బుధవారం గేటు ముందు సైకిళ్ళ తిరనాళ్ళ జరిగింది. బడి ఎదురు ఇంట్లో ఉండే పిల్ల రోడ్డు దాటడానికి సైకిల్ తెచ్చింది. ఆటోలో వచ్చే పిల్లలు ఆటో నెత్తిన తాళ్ళతో ఒక సైకిల్ కట్టించుకుని వచ్చారు. ఆ ఒక్క సైకిల్ మీదే ఒకరి తర్వాత ఒకరు గేట్లోకి రావడం, లోపలికి వెళ్ళినవాళ్ళు దాన్ని పక్క గోడ మీదుగా మళ్ళీ బయటివాళ్ళకి అందించడం. భారతి అనే పిల్లని తండ్రి రోజూ కారులో దింపుతాడు. ఆయన ఆ వేళ డిక్కీలోంచి చిన్నప్పటి సైకిల్ దించి, ఏమనుకోకండి మేడమ్, ఏడ్చి చంపేసింది అన్నాడు. ప్యాంట్లు మాత్రం అందరివీ బాగున్నాయి. నల్లవి, నీలివి, గళ్ళవి, కొత్తగా కుట్టించినవి.

వాళ్ళకి తొక్కడం వచ్చో రాదో చూడమని పైనుంచి కబురొచ్చింది. అనూరాధ భారతిని తొక్కమంది. భారతి కాస్త దూరం బాగానే వెళ్ళి, తిన్నగా మందార పొదలోకి దూరిపోయింది. పిల్లలంతా గొల్లుమన్నారు. ఆ పొదలోంచి పిల్లని లాగుతుంటే విరిగిన కొమ్మేదో తగిలి అనూరాధ చీర బర్రుమని చిరిగింది. అప్పటికే బెల్లు కొట్టేశారు. మేడ మీంచి ఆమె క్లాసు పిల్లల అల్లరి వినబడుతోంది.

ఆమె చిరిగిన చీరతోనే మెట్లెక్కింది.

"గేటు దగ్గర ఇంకెవర్నయినా పెట్టుకోండి సార్. నాకు గుండె పాఠం చెప్పాల్సి ఉంది," అంది. రేపట్నుంచి తానూ చూడీదారే వేసుకొస్తాననీ, తన బండికీ చక్రాలున్నాయనీ చెప్పింది. మీరు టీచరు కదండీ అని ఆయన అంటూండగానే క్లాసుకి వెళ్ళిపోయింది. వెళ్ళి బోర్డు మీద గుండె బొమ్మ గీస్తుంటే సుద్దముక్క విరిగింది. ఉద్యోగం పోతుందేమోనని ఆ రోజంతా లోపల గుబులుగానే ఉంది.

పోలేదు. ఆ పై బుధవారం గేటు దగ్గర నిలబడే మనిషి దొరక్క జగన్నాధం గారే నిలబడ్డారు. ఎండ, దుమ్ము, ఆటోల హారన్లు. తన కూతురు సైకిల్ టైరు పంక్చరైతే ప్యాంటు ఎందుకు కూడదో చెప్పమని ఒక తండ్రి పట్టుకుని వదల్లేదు. బెల్లు కాకముందే ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. మధ్యాహ్నం డ్రిల్ మాస్టారు హరిబాబు మైకులో చెప్పాడు: చిరుగుల్లేకుండా, శుభ్రంగా ఉన్న ప్యాంటు ఎవరైనా, యూనిఫాం రోజుల్లో కూడా వేసుకోవచ్చు. తర్వాత తల్లిదండ్రుల సమావేశంలో ఇది తన సొంత ఆలోచన అన్నట్టే చెప్పారు జగన్నాధం గారు.

టీచర్ల సంగతి ఎవరూ ఏమీ అనలేదు. ఆమె చూడీదారులో వస్తోంది. ఇంకో ఇద్దరు కూడా మొదలుపెట్టారు. ఆమె నమస్కారం పెడితే ఆయన చాలారోజులు గోడ మీది గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయారు. అమ్మడు కనబడ్డప్పుడల్లా, మీ వల్లే మేడమ్, సిన్నదీ ప్యాంటే అంటంది అని తగువు పెట్టుకుంటుంది, తర్వాత గంపలోంచి మంచి చందువా చేప ఏరి ఇస్తుంది.

సుహాసినికి ప్యాంటులో అన్నిటికన్నా నచ్చింది జేబులు. ఇన్నాళ్ళూ ఆమెకు జేబున్న బట్టే లేదు. ఒకరోజు పాఠం మధ్యలో కటుక్కుమని చప్పుడు వినబడి అనూరాధ వెళ్ళి చూస్తే, రెండు జేబుల నిండా వేయించిన వేరుశెనగ కాయలు, బెంచీ కింద తొక్కల కుప్ప. ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ఆ తొక్కలన్నీ ఏరి బయట పారేసి రమ్మని, మళ్ళీ బోర్డు వైపు తిరిగింది.