హులిగమ్మ గొర్రె వేషం

బడిలో క్రిస్మసు నాటకానికి గొర్రె వేషం దొరికిందని కూతురు హులిగమ్మ చెప్పినప్పటి నుంచి దుర్గప్ప కాలు నేల మీద నిలవలేదు. తాతల కాలం నుంచీ గొర్రెలు కాసిన వంశం. ఆ వంశంలో బడి గడప తొక్కిన మొదటి మనిషి ఆరేళ్ల హులిగమ్మ. తొక్కీ తొక్కగానే ఆమెనూ గొర్రెను చేశారు. ఇంకొకరైతే నొచ్చుకునేవారేమో. దుర్గప్ప మాత్రం ఎమ్మిగనూరు సంతలో కనిపించినవాడినల్లా ఆపి, "శనివారం మా పాప నాటకం, రాండప్పా" అని పిలిచి వచ్చాడు.

చిక్కల్లా ఒక్కటే. ఆ గొర్రెకున్నది ఒకే ఒక్క మాట, "మే". ఇంట్లో తెరిచిన నోరు మూయని పిల్ల, బడిలో నలుగురి ముందు ఆ ఒక్కటీ అనలేకపోతోంది. నాటకం నేర్పే మరియమ్మ టీచరు దుర్గప్పను పిలిపించింది.

"నాటకం పొద్దు గూడా నోరు రాకుంటే, ఇంక పాపను ఏ నాటకంలోనూ తీసుకోను దుర్గప్పా. తక్కిన పిల్లోళ్లు అడుగుతాండారు."

తప్పు పిల్లలో ఉందని ఒప్పుకునే తండ్రి భూమ్మీద ఇంకా పుట్టలేదు కనుక, దుర్గప్ప తప్పు వేషంలో ఉందని తేల్చాడు. టీచరు ఇచ్చింది ఆదోని మిల్లు దూది అంటించిన తెల్లబట్ట.

"తెల్ల గొర్రె యాడుందమ్మా? మన పక్క అన్నీ నల్లవే గదా. ఆ బట్ట కట్టుకుంటే పాపకు తాను గొర్రెనని ఎట్లనిపిస్తాది?"

"క్రిస్మసు పటంలో తెల్లగానే ఉండాయి" అంది మరియమ్మ టీచరు.

పటంతో వాదించి గెలిచినవాడు లేడు. దుర్గప్ప ఇంటికొచ్చి తన దారి తాను చూసుకున్నాడు. ముందు రోజే మందలో ఒక గొర్రెకు పుట్టిన పిల్ల చచ్చిపోయింది. అలాంటప్పుడు కాపరులు చచ్చిన పిల్ల తోలు తీసి, తల్లిలేని మరో పిల్లకు కప్పుతారు. వాసన చూసి, తన బిడ్డే అనుకుని గొర్రె పాలిస్తుంది. అందుకని దాచిన నల్లతోలును, తల్లిలేని పిల్ల ఒక్కపూట మేకపాలతో సరిపెట్టుకుంటుందిలే అనుకుని, దుర్గప్ప తన కూతురి వీపుకు కట్టాడు.

"పాపను నాటకానికి పంపుతాండావా, మందలోకి తోలుతాండావా?" అని భార్య సుంకులమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

అడగాల్సిన మాటే అడిగింది. ఎరువు కోసం ఆ వారం మందను కట్టింది బడి వెనక చేలోనే. ఆ సంగతి దుర్గప్పకు తట్టలేదు.

శనివారం సాయంత్రం బడి నిండింది. తెల్ల గొర్రెలన్నీ వరసగా "మే" అన్నాయి. నల్ల గొర్రె వంతు వచ్చింది. హులిగమ్మ జనాన్ని చూసి బిగుసుకుపోయింది. తెర పక్క నుంచి మరియమ్మ టీచరు నోరు తెరిచి చూపించింది. పిల్ల కదల్లేదు. ముందు వరసలో కూర్చున్న దుర్గప్పకు ఏడుపొక్కటే తక్కువ. ఇక ఆగలేక, అందిస్తే అందుకుంటుందని, ఆకలేసిన గొర్రెపిల్ల గొంతుతో "మే" అని సన్నగా అరిచాడు.

హులిగమ్మ అందుకోలేదు. బడి వెనక నుంచి ఇంకెవరో అందుకున్నారు.

కంప దూకి, వాకిట్లో దూరి, పెద్దల ఒళ్లు తొక్కుకుంటూ తల్లిగొర్రె వేదిక ఎక్కింది. హులిగమ్మ వీపు వాసన చూసింది. బిడ్డ దొరికిందని మొహమంతా నాకింది. తరమబోయిన దేవదూతను ఒక్క పోటు పొడిస్తే, ఆ పిల్లవాడు రెక్కలతో సహా జ్ఞానుల వేషం కట్టిన పిల్లల మీద పడ్డాడు. అడ్డం తొలగాక, గొర్రె తీరిగ్గా వేదిక మీది పశువుల తొట్టిలోని గడ్డి మేయసాగింది. బాల యేసని పడుకోబెట్టిన బొమ్మ దొర్లి కింద పడింది.

అప్పుడు వచ్చింది హులిగమ్మకు నోరు.

"థూ, నీ మొగం మండ. పసిబిడ్డ కింద గడ్డి తింటావే? సిగ్గుండాదా నీకు? జరుగు ఆ పక్కకు."

అచ్చం తండ్రి గొంతు, తండ్రి తిట్లు. వెనక వరసలో చెవిటి ముసలమ్మకు కూడా వినబడ్డాయి. గొర్రె బుద్ధిగా జరిగి నిలబడింది. హులిగమ్మ బొమ్మను తీసి, దుమ్ము దులిపి, తొట్టిలో పడుకోబెట్టింది. అందరూ తననే చూస్తున్నారని గమనించి, తన పని గుర్తుకొచ్చి, "మే" అంది.

బడి పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. దుర్గప్ప మాత్రం తలవంచుకుని టీచరు దగ్గరికి వెళ్లాడు.

"తప్పయిందమ్మా. ఇంక పాపను తీసుకోవు గదా?"

మరియమ్మ టీచరుకు నవ్వాపుకోవడానికి కాసేపు పట్టింది. "ఎందుకు తీసుకోను? వచ్చే ఏడు కాపరి వేషం హులిగమ్మదే. శానా మాటలుంటాయి. తిట్లు మాత్రం నేను రాసిస్తాను."

దుర్గప్ప తల ఎత్తాడు. "మరి గొర్రె ఎవరమ్మా?"

"పాప కంటే ముందు మే అనింది ఎవరప్పా? నువ్వే గొర్రె. దూది నేనిస్తాను."

ఇంటికి పోయే దారిలో హులిగమ్మ ముందు నడిచింది. ఆమె వీపు వాసన చూస్తూ గొర్రె నడిచింది. వెనక సుంకులమ్మతో పాటు దుర్గప్ప నడిచాడు. చివరికి ఉండబట్టలేక సుంకులమ్మను అడిగాడు.

"నాకు తెలుపు నప్పుతాదంటావా?"