మార్పు కాని చేప

కాదేమో, వెలుతురు అట్లా పడి అట్లా కనిపించిందేమో, ఇంకోసారి చూస్తే తేలిపోతుంది కదా అనుకుంది ఫర్హీన్, కానీ చెయ్యి డ్రమ్ము మూత మీదికి పోలేదు, ట్రాలీ ఆటో రుద్రంగి దాటి ఒక గుంతలో పడి లేచింది, వెనక రెండు నీలం డ్రమ్ముల్లోనూ నీళ్లు బుడుంగుమన్నాయి, లోపల వేలెడేసి పిల్లలు వందల కొద్దీ, వాటితోపాటు మూరెడు తల్లి చేప, పొద్దున కోరుట్లలో ఫోటో కోసం పైకెత్తినప్పుడే దాని తల చూసింది, తల వెనక ఎముక అంచు ఒక్క కొనగా దిగితే మన మార్పు చేప, వంకలు తిరిగితే ఆఫ్రికా నుంచి వచ్చినది, పెంచకూడదని నిషేధించినది, చెరువులో పడితే జెల్లల్నీ పరకల్నీ కొర్రమట్ట పిల్లల్నీ మింగి చెరువంతా తానే అయ్యేది, ఆ అంచు వంకలు తిరిగే ఉంది, బొటనవేలితో తడిమింది కూడా, ఆ వేలు ఇంకా జిగటగానే ఉంది, చున్నీకి ఎంత తుడిచినా పోదేం.

పోయినేడు ఇట్లాగే తడిమి ఉంటే, జగిత్యాల నుంచి మొదటిసారి ఒంటరిగా సర్వేకు వచ్చిన రోజు అది, ఏ చెరువులో మన చేపలెన్ని, బయటి నుంచి తెచ్చి వదిలినవెన్ని అని రాయడం ఆమె పని, కోరుట్ల చెరువులో జాలరి ఓదెలు వల లాగితే బయటి నుంచి తెచ్చిన జిలేబీ చేపలే జిలేబీ చేపలు, వాటి మధ్య మీసాలతో అయిదు నల్లటివి, వాన, తడుస్తున్న కాగితాలు, చేప తల తిప్పి చూడాలని తెలుసు, పోల్చుకోలేకపోతే ఈ ముసలాయన ముందు పరువు పోతుందని రంగు చూసి రాసేసింది, దేశవాళీ మార్పు, అయిదు, సర్వే చేయించే చంద్రమౌళి సార్ సంతోషంతో ఫోన్‌లో అరిచినంత పని చేశాడు, పన్నెండేళ్ల నుంచి ఎవరికీ దొరకలేదమ్మా ఇక్కడ అన్నాడు, రెండు నెలల్లో పోవలసిన ఉద్యోగం ఇంకో ఏడాది నిలిచింది, అమ్మీ వాడంతా సేమియా పంచింది, గివి అపురూపమైనయి కాక, అమ్మకుండ్రి, కాపాడుండ్రి అని ఓదెలుకు చెప్పింది కూడా తనే, ఆయన ఇంటి వెనక గుంట తవ్వి కాపాడాడు, వానలకు అవి పిల్లలు పెట్టాయి, ఇవాళ ఆ పిల్లలు తంగళ్ళపల్లి చెరువుకు పోతున్నాయి.

ఏంది బిడ్డ, గట్ల చెమటలు పడ్తున్నయి, ఆటో పడ్తలేదా అని ఓదెలు ఎదురుగా కూర్చుని అడిగాడు, తెల్ల చొక్కా తొడిగి, తల దువ్వి, ఇవాళ ఆయనకు శాలువా కప్పుతారు, ఏం లేదు కాక అంది, ఫోన్ మోగింది, ఎక్కడిదాకా వచ్చారు ఫర్హీన్, పదకొండింటికి వదలాలి, పేపర్ల వాళ్లు వచ్చేశారు, వస్తున్నం సార్ అంది, ఆ గొంతు తనదేనా, వేములవాడ వెనకబడింది, సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు గుండెలో కొట్టుకుంటోందో బయట కొట్టుకుంటోందో తెలియలేదు, ఊరుకుంటే ఏమవుతుంది, సార్ కూడా చేప తల తిప్పి చూడడు, నీళ్లలో పడ్డాక ఏ చేప ఏదో ఎవరికి తెలుసు, కానీ చెరువు అలుగు పారుతుంది, అలుగు మానేరులో కలుస్తుంది, మానేరులో పడ్డదాన్ని ఏ వల వెనక్కి తెస్తుంది, రెండేళ్లకు ఇంకో అమ్మాయి వల లాగించి చూస్తే అన్నీ ఇవే, నల్లటి మీసాలు, ఒక్క పరక కూడా లేకుండా, అదుగో వంతెన, వంతెన దాటితే తంగళ్ళపల్లే.

అన్నా, జర ఆపు, ఆపు అని అరిచింది, ఆటో వంతెన పిట్టగోడ పక్కన ఆగింది, దిగకుండానే చెప్పింది, కాక, ఇవి మార్పులు కావు, మనయి కావు, పోయినేడు నేనే సరిగ్గ చూడక తప్పు రాసిన, ఓదెలు తిడతాడేమో, ఆటో దిగి పోతాడేమో, ఏడాది పాటు కోడి పేగులు ఏరుకొచ్చి మేపాడు, ఆయన డ్రమ్ము మీద చెయ్యి వేశాడు, నాకు ఎండకాలంల్నే అనుమానమచ్చింది బిడ్డ అన్నాడు, గుంటల ఏసిన పరకలు ఒక్కటి మిగల్లే, మా నాయిన పట్టిన మార్పులు గిట్ల ఊడ్సుకపోయేటియి కావు, మరి చెప్పకపోతివేంది కాక, ఏమని చెప్పాలె, నువ్వు సదువుకున్నదానివి, కాయితం మీద రాసినవు, యాభై ఏండ్లు వల ఏసినోనికి మార్పు చేప తెల్వదా అని నవ్వుతరనుకున్న, నా కండ్లే పోయినయనుకున్న.

ఫోన్ మళ్లీ మోగుతోంది, ఉద్యోగం పోతుంది, సార్ మొహం ఎట్లా చూడాలి, అసలు ఆ అయిదు దొరికిన కోరుట్ల చెరువులో ఇంకెన్ని ఉన్నాయో, రేపటి నుంచి వాటిని వెతకాలి, భయం ఎక్కడికీ పోలేదు, అయినా ఫోన్ ఎత్తి, సార్, చేపలు వదుల్తలేం, నేను తప్పు రాసిన, ఓదెలు కాకకు ముందే తెలుసు అంది, అటు నుంచి కేకలు మొదలయ్యాయి, అవి చెవిన పడుతున్నా ఆమె ఓదెలు మొహమే చూస్తూ ఉండిపోయింది, ఎందుకంటే ఇప్పుడు అర్థమైంది, తనకు తెలియదని ఒప్పుకోవడానికి జడిసి తను రాసిన ఆ ఒక్క మాట, తెలిసిన మనిషిని తనకేమీ తెలియదనుకునేట్టు చేసింది.