పన్నెండో కుర్చీ

పవిత్ర గురువారం మధ్యాహ్నం ఓక్‌సిమ్ తన మొగుడు దాల్‌సు మడమలు తోముతోంది. చేపల కొట్టు నుంచి వస్తూనే రబ్బరు బూట్లు గుమ్మంలో విడిచి నేల మీద కూర్చుంది, ఇంకా మొహం కూడా కడుక్కోలేదు. దాల్‌సు సోఫాలో వెనక్కి వాలి, కాళ్ళు ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి టీవీ చూస్తున్నాడు.

"వేళ్ళ సందుల్లో కూడా రుద్దు. ఫాదర్ గారు చేత్తో పట్టుకుని కడిగే కాళ్ళివి. మురికి కనిపిస్తే మొక్‌పో ఊళ్ళో తలెత్తుకోలేను."

కడిగించుకోవడానికి కడుక్కుని వెళ్ళడమేమిటని ఆమెకు నవ్వొచ్చింది. నవ్వలేదు. ఆ ఇంట్లో నవ్వితే ఎందుకు నవ్వావో చెప్పాలి.

ఆనాడు ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టు, ఈ సాయంత్రం గుడిలో ఫాదర్ గారు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు. ఈసారి ఆడవాళ్ళనీ కూర్చోబెడదామని ఆయన అన్నారు కూడా. సంఘ పెద్ద దాల్‌సు ఒప్పుకుంటేగా. "ఆడవాళ్ళు అందరి ముందూ మేజోళ్ళు విప్పుకుంటే ఏం బాగుంటుంది ఫాదర్? అయినా నీళ్ళు అందించేది వాళ్ళేగా." అలా పన్నెండు మందీ మగాళ్ళే తేలారు. చివరి కుర్చీ అందరికన్నా పెద్దవాడైన పావులు తాతకిచ్చి, దాని పక్కది దాల్‌సు తీసుకున్నాడు. చివర్న కూర్చుంటే వినయంగా కనిపిస్తుందట.

తపస్సుకాలం మొదలైన విభూది బుధవారం నుదుట బూడిద రాస్తూ ఫాదర్ గారు, మీకు ఇష్టమైంది ఏదో ఒకటి ఈస్టర్ దాకా విడిచిపెట్టండి అన్నారు. దాల్‌సు రోజూ తాగే సోజు సారా మానేశాడు. మానింది ఆయన, వేగింది ఈవిడ. పులుసులో ఉప్పు తగ్గినా చిరాకే, కిమ్చి పులిసినా చిరాకే. అత్తగారు గుడి వాకిట్లో నలుగురిలో నిలబడి, "మా అబ్బాయి తపస్సు చూస్తే కళ్ళనీళ్ళు తిరుగుతాయమ్మా," అని, ఇటు తిరిగి, "ఏం కోడలా, నువ్వేం మానేశావ్?" అంది. ఓక్‌సిమ్ ఇంటికెళ్ళి నిజంగానే వెతుక్కుంది. నాకిష్టమైంది ఏది? మాంసం ముక్కలు ఎప్పుడూ వాళ్ళ గిన్నెల్లోకే పోతాయి. నిద్ర తెల్లవారుజామున చేపల వేలానికే పోయింది. విడిచిపెట్టడానికి కూడా ఏమీ లేనిదాన్ని, దేవుడి ముందుకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అని ఏడ్చింది.

శుక్రవారాలు సిలువ మార్గం చేస్తారు. గోడ మీది బొమ్మల ముందు ఒక్కోచోట ఆగి, మోకరించి, ప్రభువు వెంట కొండ దాకా నడుస్తారు. ఓక్‌సిమ్ నడక మాత్రం వెరోనికమ్మ అనే ఆవిడ ఆయన మొహం తుడిచే ఆరో బొమ్మతోనే సరి. అక్కడికి రాగానే వెనక నుంచి ఎవరో చెయ్యి లాగుతారు. "వదినా, బార్లీ టీ పెట్టాలి, జనం వచ్చేస్తారు." పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆయన్ని సిలువ మీంచి దించడం ఆమె ఒక్కసారీ చూడలేదు, ఆమె యేసు ఇంకా బరువు మోస్తూ దారిలోనే ఉన్నాడు. గుడి వంటగదిలో టీ మరుగుతుంటే ఆయనతోనే మాట్లాడుకునేది. నువ్వూ మోస్తున్నావ్, నేనూ మోస్తున్నాను, ఒక్కసారి ఇటు చూడవా? గోడకి అవతల అందరి పాట, ఇవతల తనొక్కతే. అంత ఒంటరితనం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక లేదు. ఈ తపస్సుకాలం ముగిసేలోగా ఆయన తనని ఒక్కసారి చూస్తే చాలు, ఇంకేమీ వద్దనుకుంది.

సాయంత్రం పీఠం ముందు కుర్చీలు వేశారు. ఓక్‌సిమ్ గోరువెచ్చటి నీళ్ళ కెటిల్ పట్టుకుని పక్క తలుపు దగ్గర నిలబడింది. ఒక్కొక్కరి కాళ్ళు కడగ్గానే బేసిన్ తీసుకెళ్ళి పారబోయడం ఆమె పని. మొదటి బేసిన్ ఎత్తి చూసింది. నీళ్ళు పోసినప్పటంత తేటగా ఉన్నాయి. రెండోదీ అంతే, మూడోదీ అంతే, చివరికి దాల్‌సుదీ అంతే. చారు పెట్టుకోవచ్చు ఆ నీళ్ళతో. ఇంటింటా ఎవరో ఒకామె మధ్యాహ్నమే తోమి పంపిందన్నమాట. బల్లల మీద కూర్చున్న ఆడవాళ్ళ వంక చూసింది. తెల్ల ముసుగుల కింద వాళ్ళంతా బిక్కుబిక్కుమంటూ మొగుళ్ళ మడమల వంకే చూస్తున్నారు. ఇక ఫాదర్ గారికి కడగడానికేం మిగిలింది, అనుకుంది.

పన్నెండో కుర్చీ ఖాళీగా ఉంది. నడుం పట్టేసి పావులు తాత రాలేదు. ఫాదర్ గారు తువ్వాలు పట్టుకుని దాని ముందు మోకాళ్ళ మీదే ఆగిపోయారు. దాల్‌సు మెడ సాచి మగాళ్ళలో ఎవరికో రమ్మని సైగ చేస్తున్నాడు. ఫాదర్ గారు తల తిప్పి తలుపు దగ్గరున్న ఆమెను చూశారు. పిలవలేదు, చూశారంతే.

ఓక్‌సిమ్ కెటిల్ కింద పెట్టింది. విడిచిపెట్టడానికి తనదంటూ ఒకటి ఇన్నాళ్ళకి దొరికింది, ఆ కెటిలే. నడిచి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని మేజోడు విప్పింది. పొద్దుటంతా బూటులో నానిన పాదం, పగిలిన మడమ, పగుళ్ళలో నల్లటి మట్టి, చేపల వాసన. వెనక ఎక్కడో అత్తగారి దగ్గు వినిపించింది.

దాల్‌సు ఇటు వంగి పళ్ళు బిగించి అన్నాడు. "పరువు తీస్తున్నావ్. కనీసం కాళ్ళు కడుక్కునైనా వచ్చావా?"

ఓక్‌సిమ్ బేసిన్‌లోకి కాలు చాపింది.

"లేదండీ. అందుకేగా వచ్చాను."