కింది గదిలో కొలతలు

భర్త చొక్కాకి ఆమె ఇస్త్రీ చేస్తుండగా ప్రొఫెసర్‌గారి ఫోన్ వచ్చింది. కమిటీ పదిన్నరకి వస్తోందట. కప్పులు పన్నెండూ ఒకే రకానివి ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయంది.

"ఇవాళ దేశానికే ముఖ్యమైన రోజమ్మా. టీ చల్లారకూడదు," అన్నాడాయన.

ముఖ్యమైన రోజే. అణుశాస్త్రం నేర్చుకోవడానికి పిల్లలు పరాయి దేశాలకు పోనక్కరలేకుండా ప్రభుత్వం ఒక శిక్షణ కేంద్రం పెట్టబోతోంది. అది ఈ విశ్వవిద్యాలయానికి వస్తుందో రాదో ఇవాళే తేలుతుంది. ఆ సంగతి ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. దరఖాస్తు రాసింది ఆమే, అందులో గొప్పగా చెప్పుకున్న ప్రయోగాల పుస్తకం రాసిందీ ఆమే. అట్ట మీద పేరు మాత్రం ప్రొఫెసర్‌గారిది. ఫిజిక్స్‌లో మొదటి ర్యాంకు తెచ్చుకుని వచ్చిన మనిషి పన్నెండేళ్ళుగా ల్యాబ్ సహాయకురాలిగానే ఉండిపోయింది. పుస్తకం సంగతి చెప్పుకుని బాధపడితే, "పేరుదేముంది, పిల్లలు చదువుకుంటే చాలదూ?" అన్నాడు భర్త. ఆ మాటన్న మనిషే, కాలనీ సంఘం బోర్డు మీద తన పేరు మూడో వరసలో వేశారని వారం రోజులు ముఖం మాడ్చుకు తిరిగాడు. అత్తగారిది ఇంకో గొడవ. సాయంత్రం కోడలు గుమ్మంలో అడుగు పెట్టగానే, "ఆ కిరణాలేవో దులుపుకుని రా అమ్మాయ్," అనేది.

ఆమె ట్రే పట్టుకుని కింది అంతస్తులోని రేడియేషన్ కొలిచే గదిలోకి వెళ్ళేసరికి, కమిటీ పెద్దావిడ గోడ మీది గ్రాఫు చూస్తోంది. తల నెరిసిన శాస్త్రవేత్త, చూపు మాత్రం చురుకు.

"ప్రతి సోమవారం పొద్దున్నే అంకె పెరుగుతోందేమిటి?" అని అడిగింది.

"మిషను పాతదండీ," అన్నాడు ప్రొఫెసర్. "దాన్ని నమ్మలేం."

తనను ఎవరేమన్నా మింగి ఊరుకోవడం ఆమెకు అలవాటే. కానీ ఆ మిషను! ప్రతి స్క్రూ తన చేత్తో బిగించింది, రోజూ పొద్దున్నే సరిచూసి, తొమ్మిదేళ్ళు ఒక్క పనిరోజు మానకుండా అంకెలు రాసింది. దాన్ని అబద్ధాలకోరంటే ఆమె ఊరుకోలేకపోయింది.

"మిషను సరిగ్గానే ఉందండీ," అంది ట్రే బల్ల మీద పెట్టి.

"నువ్వు కప్పులు చూడమ్మా."

"ఆవిణ్ణి చెప్పనివ్వండి," అంది పెద్దావిడ.

"శని, ఆదివారాలు ఈ గది మూసే ఉంటుంది. నేలలోంచి రేడాన్ అనే వాయువు వస్తుంది కదా, అది బయటికి పోయే దారిలేక పేరుకుంటుంది. మిగతా రోజుల్లో తలుపులు తీస్తాం కాబట్టి అంత ఉండదు. ఇవాళా సోమవారమే. కిటికీలు తెరుస్తాను, మీరు మిగతా ల్యాబులు చూసి రండి."

రెండు గంటల తర్వాత వాళ్ళు తిరిగొచ్చేసరికి అంకె దిగిపోయింది. పెద్దావిడ ప్రయోగాల పుస్తకం తెరిచింది. "ఏడో ప్రయోగం కింద సరిగ్గా ఇదే ప్రశ్న ఉంది. ఇది రాసినవాళ్ళకి జవాబు తెలియకుండా ఉండదే. ఎవరు రాశారు?"

ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే, "నేనండీ," అనేసింది ఆమె.

కేంద్రం వచ్చింది. ఆమెకు ఉత్తరమూ వచ్చింది. రేడియేషన్ కొలతల పాఠాలు ఆమే చెప్పాలి. ముందు నాలుగు నెలలు వేరే ఊళ్ళో ఉన్న పరిశోధన రియాక్టర్ దగ్గర శిక్షణ.

"నాలుగు నెలలా! మరి ఇల్లో?" అన్నాడు భర్త.

"ఇల్లెక్కడికి పోతుంది, ఇక్కడే ఉంటుంది."

"నా భోజనం?"

"వంటగదీ ఇక్కడే ఉంటుందండీ."

పక్కగదిలో అత్తగారు దగ్గిందో నవ్విందో తెలియలేదు. భర్త ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు, ఆమె పెట్టె సర్దుకుంటూనే ఉంది.

అక్కడ మొదటిరోజే రియాక్టర్ తొట్టి చూపించారు. లోతైన నీళ్ళ అడుగున నీలం వెలుగు, పుస్తకాల్లో చదివిన దానికన్నా మెత్తగా ఉంది. పన్నెండేళ్ళుగా పిల్లలకి చెప్తూ, తను మాత్రం ఎన్నడూ చూడని వెలుగు. చిన్నపిల్లలా కమ్మీ పట్టుకుని, వెనకవాళ్ళు జరగమనేదాకా నిలబడిపోయింది. నెల తిరిగేసరికి నియంత్రణ గదిలో కూర్చుని, ఆపరేటర్ పక్కనుండగా, తన చేత్తోనే రియాక్టర్‌ని నడిపింది. ఆ రోజంతా నేల మీద కాళ్ళు ఆనలేదు.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం, పాఠాలకి మధ్యమధ్య వెళ్ళి వస్తూ అక్కడే పీహెచ్‌డీ చేయొచ్చంటే, దాని దరఖాస్తు ముందేసుకుని ఆలోచిస్తుంటే అత్తగారు ఫోన్ చేసింది.

"అన్నీ బాగున్నాయా అత్తయ్యా? వచ్చేస్తున్నాగా ఇంకో పది రోజుల్లో."

అత్తగారు గొంతు తగ్గించింది. "వాడికి వంట కుదిరింది. ఇల్లు ఊడవడం ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది. నువ్వు మధ్యలో వచ్చి చెడగొట్టకు తల్లీ, వాడి చదువు ఇంకా చాలా ఉంది."

ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూనే, దరఖాస్తులో 'ఎప్పుడు చేరగలరు?' అన్నచోట, 'వెంటనే' అని రాసింది.