బీరుల కరిగిన అలుపు

శాంతి నగర్‌ల షిఫ్టు విడిచినంక ఎవరింటికి పోయి చూసినా ఒకటే తంతు. గడప దాటంగనే కాళ్లు కడుక్కుంటరు. గోడకు ఆనుకోని కూసుంటరు. కూసున్నంక మెడ కింద చెయ్యి పెట్టి అంచు వెతుక్కోని, మెల్లగ భుజాల మీదికెళ్లి అలుపు తీస్తరు. అది అచ్చం సాంచ మగ్గం మీదికెళ్లి దిగిన కోరా గుడ్డ లెక్కనే ఉంటది, మోటుగ, మడ్డి రంగుల. మడత పెట్టి మూలకేస్తే, తెల్లారి మళ్లొకటి ఒంటికెక్కేదాక మనిషి మనిషిలెక్కుంటడు. పొద్దున షిఫ్టోళ్లది సందెకు, రాత్రి షిఫ్టోళ్లది పొద్దుగాల్ల. ఈ భివండి ఊరు మొత్తం గిట్లనే నడుస్తది.

దానికో పట్టింపున్నది. కూసుంటెనే వస్తది. నిలబడి ఎంత గుంజినా రాదు. ఒకనాడు తియ్యకుంటే రెండోనాటిది దాని మీదనే పడుతది, రెండూ అంటుకుంటయి, ఇగ అడుగుది అడుగునే ఉండిపోతది. నీళ్లల్ల నానబెడితే ఏం కాదు, సబ్బుకు లొంగది. ఒక్క మందుకే కరుగుతది. అందుకే గద, షిఫ్టు విడవంగనే మొగోళ్లు ఇంటికి రాకుంట సీదా దారు దుకాణం కాడికి పోయేది! ఐలమ్మ మొగుడు ప్రభుదాసు కూడ గట్లనే పోయెటోడు. ముందుగాల అలుపు కరిగింది, తర్వాత మనిషే కరిగిపోయిండు. మిగిలిన అలుపును మడతలు పెట్టి శవపెట్టెల ఆయన తల కింద పెట్టిన్రు. పట్టినంత పట్టింది, పట్టనిది ఇంక అటక మీదనే ఉన్నది.

ఆయన పోయిన్నాటి నుంచి ఐలమ్మ సక్కగ కూసున్నది లేదు. సాంచల షెడ్డుల దారం కండెలు చుట్టి వచ్చుడు, వచ్చి వండుడు, వండి తోముడు. ఏదో పేరుకు రెండు నిమిషాలు గోడకు ఆనుకోని కూసోని పైపొర గుంజి అవతల పారేసేది. అడుగు పొరలు ఎన్నున్నయో ఆమెకే ఎరుక లేదు. నడుస్తుంటే తడి బొంత మోస్తున్నట్టు ముందుకు వంగి నడిచేది. అయినా ఒక్క ఆశతోని ఈడ్చుకొచ్చింది. కొడుకు డేనియల్ అంజూర్ ఫాటా కాడ గోదాముల పర్మినెంట్ అయితే చాలు, ఆ తెల్లారి నుంచి షెడ్డు బంద్, గడప మీద ఊకె కూసోవాలె. బంగారం కాదు, తీర్థయాత్ర కాదు. ఊకె కూసునుడు.

డేనియల్ పర్మినెంట్ అయిండు. అయిన తెల్లారే పార్టీ సంగతి ఎత్తిండు.

"అమ్మా, ఆదివారం మా గోదాము సూపర్‌వైజర్ విజయ్ సార్ వస్తడు, ఇంకో ముగ్గురు దోస్తులొస్తరు. బిర్యానీ గిర్యానీ వద్దే. అది అందరు పెడ్తరు. సార్‌కు కొత్తది కావాలె" అన్కుంట ఫోను తీసి ఒక వీడియో చూపెట్టిండు. మన చాల్‌ల ఇండ్లన్ని పట్టేంత వంటింట్ల ఒక తెల్లాయన మాంసపు గొట్టాలు కోసి, రాజ్మా వేసి, దాంట్ల సీసాకు సీసా బీరు గుమ్మరిస్తున్నడు.

"సాసేజ్ చిల్లీ అంటరు దీన్ని" అన్నడు డేనియల్.

"చిల్లీ అంటే చైనీస్ బండి మీద పచ్చిమిరపకాయలేసి ఏంచేది కదరా?"

"అది వేరే. దీనికి పులుసు లెక్క ఎసరుంటది. ఇంగ్లీషోళ్ల కూర."

"మంచిగున్న కూరల బీరు పోసుకునుడేందిరా, ఆ ఇంగ్లీషోళ్లకు ఏం పోయేకాలం! ప్రార్థనకు పోయే నోటితోని నేను ఆ ఎసరు రుచి చూడాల్నా?"

"ఉడికితే మందు ఎగిరిపోతదే. వాసనొక్కటే మిగుల్తది. ఫికర్ చెయ్యకు" అని నవ్విండు. ఆ నవ్వుతోనే అసలు ముచ్చట బయటపెట్టిండు. "సార్ తిని మంచిగున్నది అంటే సోమవారం నుంచి గోదాము మెస్ మనదే. హమాలీలు యాభై మంది, రెండు పూటలు. నేను సార్‌తోని మాట్లాడేసిన. నువ్వు షెడ్డు మానెయ్యొచ్చు, కండెలు చుట్టే కష్టం తప్పుతది నీకు!"

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటరు సూడుండ్రి, గట్లయింది. యాభై మందికి, రెండు పూటలు! ఐలమ్మకు కండ్ల ముందర గుట్టలు గుట్టలు అన్నం కనబడ్డది, ఆ గుట్టల వెనక తన గడప ఎటో పోయింది. వద్దు బిడ్డా అందామని నోరు తెరిచింది. కొడుకు మొఖం చూస్తే పండుగ నాటి మొఖం లెక్కున్నది. అమ్మకు ఏదో పెద్ద మేలు చేసిననని పొంగిపోతున్నడు. ఎట్ల అంటది? మింగలేక కక్కలేక "సరే తీ" అన్నది. లోపల మాత్రం ఏడుపొచ్చింది.

ఆదివారం వచ్చింది. షెడ్డుల అర్జెంటు ఆర్డరున్నదని సగం షిఫ్టుకు రమ్మన్నరు. ఐలమ్మ పోయింది. తిరిగొచ్చేసరికి రోడ్ల మీద లారీలు అడ్డం పడి ఆటో కదలలేదు. ఉరికురికి ఇల్లు చేరేసరికి డేనియల్ గడపల నిలబడి చేతులు నలుపుకుంటున్నడు.

"ఎంత లేటమ్మా! ఒంటిగంటకల్ల వస్తమన్నరు వాళ్లు."

కోడలు ఏంజెలీనా అప్పటికే రాజ్మా కుక్కర్‌ల పెట్టి, ఉల్లిగడ్డలు కోసి పెట్టింది. ఆ పిల్ల కూడ గోదాములనే ప్యాకింగ్ పని చేస్తది, అలుపంటే ఏందో ఎరిగిన పిల్ల. అత్తను ఎగాదిగా చూసింది.

"అత్తమ్మా, జర కూసో. అలుపు తీసినంక చేద్దువు."

"ఇప్పుడు కూసుంటే లేస్తనానే నేను?" అని ఐలమ్మ చేతులు కడుక్కోని, అట్లనే నిలబడి స్టవ్ ముట్టిచ్చింది.

సాసేజ్‌లు గోదాముకెళ్లి వచ్చినయే. డబ్బాలు నలిగినయని పనోళ్లకే పంచిన్రట. ప్యాకెట్ చింపి చూసి "గివేందిరా, చిన్నపోరల వేళ్ల లెక్కున్నయి!" అన్నది. అయినా చెయ్యి తిరిగిన మనిషి గద, నూనెల వేసి అటిటు తిప్పితే అంచులు ఎర్రగ కాలి మంచి వాసనొచ్చింది. అదే నూనెల ఉల్లిగడ్డ, ఎల్లిపాయ. ఆ మీద జీలకర్ర, ఊరి నుంచి తెచ్చిన కారం, టమాటలు. టమాట మగ్గి నూనె పైకి తేలినంక ఉడికిన రాజ్మా, సాసేజ్ ముక్కలు వేసి కలిపింది. వీడియోల తెల్లాయన కారం చెంచాతోని కొలిచిండు. ఐలమ్మ పిడికిలితోని కొలిచింది.

డేనియల్ బీరు సీసా మూత పీకి చేతికిచ్చి, సార్‌ను తీస్కరావడానికి మూలమలుపు కాడికి ఉరికిండు. ఐలమ్మ సీసాను చూసింది. ప్రభుదాసు పోయినంక ఈ ఇంట్లకు సీసా వచ్చుడు ఇదే మొదలు. "ప్రభువా, కూర కోసమే. క్షమించు తండ్రీ" అని కండ్లు మూసుకోని గుమ్మరిచ్చింది.

బుస్సుమని నురగ లేచింది. గిన్నె అంచు దాక వచ్చింది, పొంగుతదని ఐలమ్మ గబగబా వంగి గంటెతోని కలిపింది. ఆ వంగుడుల భుజం మీది అలుపు అంచు జారి గిన్నెల పడ్డది. మందుకు అలుపు కరుగుతదని ఈ గల్లీల చిన్నపోరలకు కూడ ఎరికే. ఐలమ్మకు ఎరుక లేదా? ఉన్నది. అయితే మందంటే మొగోళ్లు తాగేదనే అనుకున్నది గని, కూరల పోసింది కూడ మందేనని ఆ యాళ్లకు తట్టలేదు. తట్టేసరికి జానెడు గుడ్డ ఎసర్ల కలిసిపోయింది.

తియ్యాలె. చెయ్యి మెడ మీదికి పోయింది కూడ. గుడ్డ పాలల్ల బెల్లం లెక్క కరుగుకుంట లోపలికి జారిపోతున్నది, జారినకొద్ది ఎడమ భుజం తేలికైతున్నది. ఎన్నేండ్లయిందో ఆ భుజం అట్ల అనిపించక! ఒక పొర పోయింది. దాని కింద ఇంకోటి. వీపు కదిలినట్టయింది, నడుము మీద బరువు దిగింది. ఐలమ్మ గుంజలేదు. అన్ని పొరలు పోనిచ్చింది. తప్పని ఎరికే, అయినా పోనిచ్చింది.

ఏంజెలీనా పావ్‌లు కోస్తున్నదల్లా ఆగి చూసింది. "అత్తమ్మా..."

"మంట తగ్గియ్యి బిడ్డా, అడుగంటుతది" అన్నది ఐలమ్మ.

ఏంజెలీనా మంట తగ్గిచ్చింది. ఎసరు చిక్కబడి మడ్డి ఎరుపుల కుతకుతా ఉడికింది.

విజయ్ సార్ వచ్చిండు, దోస్తులొచ్చిన్రు. చాప మీద కూసున్నరు. ఏంజెలీనా గిన్నెలల్ల పోసి, పక్కన పావ్, నిమ్మకాయ ముక్క పెట్టింది. ఒక్క ముద్ద తినంగనే విజయ్ సార్ కండ్లు పెద్దగయినయి.

"క్యా బాత్ హై ఆంటీ! మా ఇంట్ల గిసొంటిది ఎన్నడు తినలే. డేనియల్, మెస్ సంగతి ఇగ ఫైనలే అనుకో."

డేనియల్ మురిసిపోయి తల్లి దిక్కు చూసిండు. మురిపెంల రెండు గిన్నెలు తిన్నడు. ఏంజెలీనా మూడోసారి కూడ నిండ పోసింది. వాడు "నువ్వు తినవా?" అంటే "నాకు తర్వాత" అన్నది.

కాసేపు మంచిగనే నడిచింది. ముచ్చట్లు, నవ్వులు. తర్వాత ఒక్కొక్కరు మాట ఆపుకుంట వచ్చిన్రు. ఒక దోస్తు చేతుల పావ్ ముక్క అట్లనే ఆగిపోయింది. ఇంకొకాయన గోడకు ఒరిగిండు, ఒరిగి కండ్లు మూసుకున్నడో లేదో, రెండు చేతులు గాలిల కండె చుట్టినట్టు తిరుగుడు మొదలువెట్టినయి. "చెవులల్ల సాంచలు కొట్టుకుంటున్నయి ఏందిరా" అన్నడు మూడో ఆయన. విజయ్ సార్ తన వేళ్లు చూసుకున్నడు. ఒక్క గీత లేదు, అయినా దారం కోసిన మంట. మోకాళ్లు పట్టుకోని "అమ్మా" అన్నడు పెద్ద మనిషి. ఎవరూ ఇదేంది అని అడగలేదు. అలుపు ఎవరికి తెల్వంది? ఎవరిదో మోస్తున్నమని మాత్రం అందరికి తెలిసింది.

అందరికంటే ఎక్కువ తిన్నది డేనియల్. వాని మీద పొరలకు పొరలు పడ్డయి. పైన పొద్దటి షిఫ్టు. దాని కింద పోయిన ఎండకాలం. ఇంకా కిందికి పోతే వానికి టైఫాయిడ్ వచ్చిన్నాడు దవాఖాన వరండాల తెల్లారెదాక నిలబడ్డ కాళ్ల నొప్పి. ఆ అడుగున నాయిన పెట్టె ఎనక నడిచిన నడక. మట్టి పోసి ఇంటికొచ్చి, ఆ సందెకే కొడుక్కు అన్నం వండిన చేతుల బరువు. ఆనాడు ఆ అన్నం తినుకుంట ఉప్పు తక్కువైందని అలిగిండు వాడు. మెడ ఎత్తుదామంటే లేస్తలేదు.

"అమ్మా" అన్నడు మెల్లగ. "గిదంత నీదేనా?"

ఐలమ్మ వంటింటి గడపల నిలబడ్డది. నిటారుగ నిలబడ్డది. కొడుకును చూస్తే ఎంత పని చేసిననని భయం పుట్టింది. అయినా అబద్ధం ఆడబుద్ధి కాలే.

"నాదే బిడ్డా. ఇంకెవరిదుంటది?"

"గిన్ని దినాలు చెప్పవైతివి."

"అడగవైతివి."

విజయ్ సార్ గోడకు ఒరిగే ఒక కన్ను తెరిచిండు. అలుపు మీద పడ్డా ఆఫీసు మనిషి ఆఫీసు మనిషే. "డేనియల్, మరి సోమవారం మొదలు పెడ్తరా? నేను పైన చెప్పేసిన, అందరు ఇదే వంట అడుగుతరు."

డేనియల్ సార్ దిక్కు చూసిండు, అమ్మ దిక్కు చూసిండు. పర్మినెంట్ అయి వారం కాలే, సార్ మాట కాదంటే ఏమైతదో అన్న భయం మొఖం మీద కనబడుతనే ఉన్నది.

"మాఫ్ చెయ్యుండ్రి సార్" అన్నడు ఆఖరికి. "మా అమ్మ చెయ్యది. ఆమెను అడగకుంటనే నేను మాటిచ్చిన, తప్పు నాదే. మెస్ చెయ్యది, షెడ్డుకు కూడ పోదు."

విజయ్ సార్ కోపానికొద్దామనుకున్నడో ఏమో, కోపానికి కూడ ఓపిక కావాలె గద. మోకాలు ఒత్తుకుంట "నేను పైన ఏదో ఒకటి చెప్త తీ" అని మళ్ల కన్ను మూసిండు.

పొద్దు వాలినంక గాని వాళ్లకు లేవబుద్ధి కాలే. లేచేముందు ఒక్కొక్కరు కూసున్నకాడనే మెడ మీదికెళ్లి అంచు వెతికి తీసుకున్నరు. మర్యాదస్తులు, ఎవరి వంతు వాళ్లే మడత పెట్టుకున్నరు. "చెల్లే, ఒక ప్లాస్టిక్ సంచి ఉంటే ఇయ్యి" అని ఏంజెలీనాను అడిగి, దాంట్ల పెట్టుకోని చంకల పట్టుకోని పోయిన్రు. డేనియల్‌ది మాత్రం సంచుల పట్టలేదు. వాడు, ఏంజెలీనా చెరో దిక్కు పట్టుకోని అటక మీదికి ఎక్కిచ్చి, నాయిన దాని పక్కన పెట్టిన్రు. దిగినంక డేనియల్ పోయి గిన్నెలు తోముకుంట కూసున్నడు.

సోమవారం తెల్లారక ముందే షెడ్డుల పనోళ్లను చూసే ముకద్దం దేవయ్య తలుపు కొట్టిండు. షెడ్డుల సాంచలు అప్పటికే మొదలైనయి, గల్లీ అంత టకటకా అంటున్నది. ఏంజెలీనా లేచి తలుపు సగం తీసింది.

"ఐలమ్మ రాలేదేంది? కండెలకు మనిషి లేక సాంచలు ఆగుతున్నయి."

"పండుకున్నది మామా."

"లేపు మరి!"

"లేప."

దేవయ్య కొలువుల ఆ మాట ఎన్నడు విన్నోడు కాదు. "మరి రేపన్న వస్తదా?"

"రేపు రాదు, ఎల్లుండి రాదు. ఇగ రాదు."

లోపల చాప మీద ఐలమ్మ ఎప్పుడో మేల్కొన్నది. మాటలన్నీ విన్నది. అలవాటు కొద్ది ఒక చెయ్యి నేల మీద ఆనిచ్చి లేవబోయింది కూడ. ఆ చెయ్యిని మెల్లగ వెనక్కి తీసుకోని, చెంప కింద పెట్టుకోని, గోడ దిక్కుకు తిరిగి పండుకున్నది.